కోళ్ళు ఇన్, కుక్క అవుట్

కుక్కనీ కోళ్ళనీ ఒకే పెరట్లో ఎలా పెంచుతున్నారని ఢిల్లీలో మా కాలనీలో అడగని వాళ్ళు లేరు. అడిగితే చాలు, మా ఆయన గొంతు సవరించుకునేవారు. ఆయన ఒక మంత్రిత్వ శాఖలో అండర్ సెక్రటరీ. ఏ ప్రశ్నకైనా "నేపథ్యం" అని మొదలుపెట్టి "కాబట్టి" అనే దాకా వదలరు. ఆయన నేపథ్యంలో ఉండగానే అడిగినవాళ్ళు కూరగాయల బండి వచ్చిందని వెళ్ళిపోయేవారు. నేను వంటింట్లో నవ్వుకునేదాన్ని. పెళ్ళై పదిహేనేళ్ళు, నాకు దొరికిన ఉచిత వినోదం ఆయనే.

ముందు వచ్చినవి కోళ్ళు. సరోజినీ నగర్ మార్కెట్ బయట ఒకతను అట్టపెట్టెలో రంగులు పూసిన కోడిపిల్లలను అమ్ముతుంటాడు. మా అమ్మాయి అప్పుడు నాలుగో క్లాసు. గులాబీ రంగుది ఒకటి, ఆకుపచ్చది ఒకటి ఎంచుకుని చున్నీలో చుట్టేసుకుంది. అలాంటివి వారం బతికితే గొప్పని అందరూ అంటారు. నేనూ ఆ ధైర్యంతోనే కొననిచ్చాను. వారం తర్వాత ఒక పూట ఏడుస్తుంది, ఐస్‌క్రీమ్ తినిపిస్తే సరిపోతుందని లెక్క వేసుకున్నాను.

అవి చావలేదు. రంగు ఈకలు రాలిపోయి రెండూ తెల్లటి కోళ్ళయ్యాయి. అలా అమ్మేవాటిలో పుంజులే ఎక్కువట, మాకు మాత్రం రెండూ పెట్టలే వచ్చాయి. రంగులు పోయినా మా ఇంట్లో అవి గులాబీది, ఆకుపచ్చది అనే మిగిలాయి. గులాబీదానికి తురాయి ఎడమ పక్కకి వాలి ఉండేది, అదే గుర్తు. అమ్మాయి స్కూలు నుంచి వచ్చి గేటు తీసిన చప్పుడు వింటే చాలు, అది రెక్కలు ఎగరేసుకుంటూ ఎదురెళ్ళేది. నేను ఆఫీసు నుంచి వస్తే తల కూడా తిప్పేది కాదు. దానికి నా లెక్క తెలిసిపోయిందేమోనని అప్పుడప్పుడు అనిపించేది.

మా క్వార్టరు ఇంకా పడగొట్టని పాత బ్లాకుల్లో ఉంది. కింది అంతస్తు కాబట్టి వెనక కాస్త పెరడు. నేరుగా కొంత దూరం పోయి, బాత్రూం గోడ దగ్గర పక్కకి తిరుగుతుంది. ఆ తిరిగిన మూలలో కోళ్ళ గూడు. వెనక వరండాలో నిలబడితే గూడు కనిపించదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఏడాది తర్వాత మా ఆయన పై అధికారికి ఈశాన్యానికి బదిలీ అయింది. సామాను లారీలో వెళ్ళింది, కుక్క మా ఇంటికి వచ్చింది. నాలుగేళ్ళ లాబ్రడార్, గోధుమ రంగు, దూడంత ఉంది. మా ఆయనకి కాదనడం అనే విద్య రాదు. "తాత్కాలికమేలే" అన్నారు. ఢిల్లీలో తాత్కాలికమనే మాట ఎన్నేళ్ళు నడుస్తుందో తాత్కాలికోద్యోగంలో చేరి రిటైరైన మా పెద్దనాన్నని అడగాలి.

అమ్మాయి మాత్రం మొదటి రోజే కుక్క మెడ చుట్టూ చేతులేసి వదల్లేదు. అప్పుడు నేను ఒక షరతు పెట్టాను. గట్టిగానే పెట్టాను, ఎందుకంటే పెరట్లో మలం ఎత్తేది ఎవరో నాకు తెలుసు.

"ఒక్క కోడికి ఏమన్నా అయిందంటే మర్నాడే కుక్క వెళ్ళిపోవాలి. గురుగ్రామ్ అవతల తోట ఉన్న మీ నాన్న స్నేహితుడు కుక్క కావాలంటున్నాడుగా, అక్కడికి పంపెయ్యాలి. ఏడుపులు వినను," అన్నాను.

"ఠీక్ హై మమ్మీ," అంది అమ్మాయి. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది.

మా ఆయన ఆ షరతును కాగితం మీద పెట్టారు. కింద అమ్మాయి చేత సంతకం చేయించారు. ఇంట్లో ఒక కాగితం తయారైతే గాని ఆయనకి ఏదీ జరిగినట్టు అనిపించదు. దాన్ని బీరువా తలుపు లోపలి వైపు అంటించారు.

గూటికి మొదట జాలీ కొట్టించింది నేను. మార్కెట్లో దొరికే సన్నటి కోళ్ళ జాలీ, చూడ్డానికి ముచ్చటగా ఉంది. కుక్క దాన్ని రెండు గుంజులకి ఊడబీకింది. అదృష్టం కొద్దీ ఆ సమయంలో కోళ్ళు రెండూ అమ్మాయి ఒళ్ళో ఉన్నాయి. మా ఆయన పెదవి విప్పలేదు, పైగా ఆ పెదవి విప్పకపోవడాన్ని నేను గమనించేలా చూసుకున్నారు. ఆ ఆదివారమే వెల్డింగ్ చేసిన మందపాటి జాలీ తెప్పించారు. కుక్క తవ్వుతుందని దాన్ని మూరెడు లోతు భూమిలోకి దింపి, చుట్టూ ఇటుకలు పరిపించారు. ముక్కుతో ఎత్తితే తెరుచుకునే గొళ్ళెం పనికిరాదని రెండు గడియలు పెట్టించారు. "రాష్ట్రపతి కూడా ఇంత భద్రంగా ఉండరు," అన్నాను. ఆయన నవ్వకుండా, రెండో గడియ కాస్త బిగుసుగా ఉంది, నూనె వెయ్యాలన్నారు.

తర్వాత పరిచయ కార్యక్రమం. రోజూ పొద్దున పది నిమిషాలు. కుక్క గొలుసు ఆయన చేతిలో, కోళ్ళు జాలీ అవతల. కుక్క కోళ్ళ వైపు చూసి, మళ్ళీ తల తిప్పి ఆయన మొహం చూస్తే బహుమానం. ఆ బహుమానం ఏమిటనుకున్నారు, ఉడకబెట్టిన కోడి ముక్క. కోడిని తిననందుకు కోడిని తినిపించడం ప్రభుత్వ బుర్రకే తడుతుంది. ఈ సంగతి కనిపెట్టిన రోజు అమ్మాయి గిన్నె లాక్కుని, "పాపా, యే గలత్ హై," ఇది తప్పు అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మర్నాటి నుంచి బహుమానం పనీర్‌గా మారింది. కుక్క మొదట రెండు రోజులు నిరసన తెలిపి, మూడో రోజు సర్దుకుపోయింది.

నెల తిరిగేసరికి కుక్క జాలీ దగ్గర పడుకుని, కోళ్ళు ఎదురుగా తిరుగుతున్నా ఆవులించేది. ఒకసారి గులాబీది జాలీలోంచి దాని ముక్కు మీద పొడిస్తే వెనక్కి జరిగిందే గాని అరవలేదు. ఇక నాకు ఓపిక పోయింది.

"ఇంకా ఎందుకండీ ఈ వేషాలు? వీడియోల్లో చూడండి, కుక్క పొట్ట మీద కోళ్ళు పడుకుంటున్నాయి," అన్నాను.

"వీడియో తీసేవాడు పక్కనే ఉన్నాడుగా. వాడు లోపలికెళ్ళాక ఏమైందో ఎవరు తీశారు?" అన్నారు ఆయన. "ఇది నుంచున్న కోడిని చూసి ఊరుకుంటోంది. పరిగెత్తే కోడిని ఇంకా చూడలేదు. మనిషి దగ్గర లేకుండా రెండిట్నీ కలిపి వదలకూడదు."

ఆ మాట సరైనదని నాకు అప్పుడే తెలుసు. సరైన మాట ఆయన నోట్లోంచి వచ్చినందుకు చిరాకు పడ్డాను. అందుకే ఆయన ఆ తర్వాత తెచ్చిన బోర్డును చూసి నెల్లాళ్ళు ఆడిపోసుకున్నాను.

ఆ బోర్డు ఏమిటంటే, మా ఆయన ఆఫీసులో గదులు కొత్తగా కట్టినప్పుడు పాత పేర్ల బోర్డులు తీసేశారు. టేకు చెక్క మీద అధికారుల పేర్లు, ప్రతి పేరు పక్కన జరిపే చిన్న పలక. ఒక వైపు జరిపితే ఇన్ అని కనిపిస్తుంది, ఇంకో వైపు జరిపితే అవుట్. ఆయన దరఖాస్తు పెట్టుకుని, పనికిరాని సామానులోంచి ఒక బోర్డు ఇంటికి తెచ్చారు. పేర్లు గీకేసి, తెల్ల రంగుతో రెండు వరసలు రాశారు. పై వరస కుక్క, కింది వరస కోళ్ళు. వెనక తలుపు పక్కన మేకు కొట్టి తగిలించారు.

నియమం చిన్నదే. గూట్లోనో ఇంట్లోనో ఉంటే ఇన్, పెరట్లో ఉంటే అవుట్. రెండు వరసలూ ఒకేసారి అవుట్ చూపించకూడదు. వరండాలోంచి గూడు కనిపించదు కాబట్టి వెనక తలుపు తీసేముందు ఎవరైనా బోర్డు చూడాలి. పొద్దున ఎనిమిదింటి దాకా కోళ్ళ వంతు, ఆ తర్వాత కుక్క వంతు.

"కోళ్ళకి ఆకస్మిక సెలవులు కూడా రాయండి," అన్నాను. "కుక్క ఎప్పుడైనా క్యాంపుకెళ్తే డీఏ ఇస్తారా?" అని అడిగాను. పై అంతస్తు ఆంటీని పిలిచి మరీ చూపించాను. ఆవిడ పంజాబీ, నవ్వితే మెట్లు అదిరేవి. అమ్మాయి కూడా నవ్వేది. నా మాటలు ఏరుకుని వాళ్ళ నాన్న ముందే తిరిగి చెప్పేది. ఆయన పలక సాఫీగా జరగడం లేదని కొవ్వొత్తి రుద్దుకుంటూ ఉండేవారు.

అయితే నా నవ్వు వెనక ఒక సంగతి ఉంది. మా ఆఫీసులో అలాంటి బోర్డు ఇంకా ఉంది, అందులో నా పేరూ ఉంది. నేను దాన్ని పొద్దున ఇన్‌కి జరిపితే సాయంత్రం దాకా ముట్టుకోను. టీకి వెళ్ళినా ఇన్. అశోకా రోడ్‌లో మన తెలుగు భోజనానికి వెళ్ళి, పప్పూ గోంగూరా కోసం క్యూలో నిలబడినా ఇన్. స్వెట్టర్లు కొనడానికి మార్కెట్‌కి వెళ్ళినా ఇన్. నేనొక్కదాన్నే కాదు, మా సెక్షన్ మొత్తం అంతే. గదిలో ఫ్యాను తప్ప ఎవరూ ఉండరు, బోర్డు మీద మాత్రం అందరం ఉంటాం. దాన్ని అబద్ధమని మేమెవరం అనుకోం. అయిదు నిమిషాల్లో వచ్చేస్తాంగా, అందులో అబద్ధమేముంది.

ఆ శనివారం చలికాలపు ఎండ బాగా కాసింది. పెరట్లో గూడున్న మూలలో కోళ్ళు మట్టిలో పొర్లాడుతున్నాయి. ఎనిమిది కావస్తోంది, వాటిని గూట్లోకి తోలాలి. ఇంతలో ముందు వైపు బఠాణీల బండి వచ్చింది. పైనుంచి ఆంటీ కేకేసింది, "జల్దీ ఆవో, మటర్ అచ్ఛా హై."

ఆయన పాలకి వెళ్ళారు, ఏ నిమిషమైనా వస్తారు. వచ్చి బోర్డు చూసి, ఎనిమిది దాటినా కోళ్ళు అవుట్‌లో ఉన్నాయేమిటని నేపథ్యం మొదలుపెడతారు. అది వినే ఓపిక నాకు లేదు. కోళ్ళ పలకను ఇన్‌కి జరిపాను. అయిదు నిమిషాల్లో వచ్చి తోలేద్దామనుకున్నాను. చెయ్యి దానంతట అదే చేసిన పని అది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నదే.

బఠాణీలు నిజంగానే బాగున్నాయి. కాయ విప్పి తిని చూస్తూ, ఆంటీతో వాళ్ళ కోడలి గురించి మాట్లాడుతూ నిలబడ్డాను.

ఈలోగా ఆయన పక్క గేటులోంచి వచ్చారు. బోర్డు చూశారు. కోళ్ళు ఇన్. కుక్క పలకను అవుట్‌కి జరిపి తలుపు తీశారు.

నాకు వినిపించింది ఒక్క అరుపే. అది కుక్కది కాదు.

సంచీ పట్టుకుని వెనక్కి పరిగెత్తేసరికి ఆకుపచ్చది గోడ మీదికి ఎగిరి కూర్చుని ఉంది. కుక్క పెరట్లోంచి తాపీగా నడిచొచ్చి, నోట్లోని గులాబీదాన్ని ఆయన పాదాల దగ్గర పెట్టింది. నెత్తురు లేదు. మెడ మాత్రం వేలాడిపోయింది. కుక్క తోక ఊపుతూ ఆయన మొహంలోకి చూసింది. బంతి తెచ్చినా, చెప్పు తెచ్చినా శభాష్ అనిపించుకున్న కుక్క, ఇప్పుడూ అదే మాట కోసం ఎదురుచూస్తోంది. ఆయన వంగి దాన్ని గొలుసుతో కట్టేశారు. కొట్టలేదు. కోడిని రెండు చేతుల్లోకి తీసుకుని మూల తిరిగి గూటి వైపు వెళ్ళారు, ఎలా బయటికొచ్చిందో చూడ్డానికి.

నేను అప్పుడు చేసిన పని రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఏడవలేదు, కోడి దగ్గరికి పోలేదు. బోర్డు దగ్గరికి వెళ్ళి, కోళ్ళ పలకను అవుట్‌కి జరిపాను.

ఆయన తిరిగి వచ్చారు. బోర్డు వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. ఇరవై ఏళ్ళు ఫైళ్ళు చూసిన కళ్ళవి. ఏ కాగితం ముందు పెట్టారో, ఏది తర్వాత దూర్చారో పట్టుకునే మనిషి. నేను బఠాణీల సంచీని గట్టిగా పట్టుకున్నాను.

అమ్మాయి నిద్ర కళ్ళతో వచ్చింది. ముందు గోడ మీది కోడిని చూసింది. తర్వాత వాళ్ళ నాన్న చేతుల్లోది చూసింది. దాని తురాయి ఎడమ పక్కకి వాలి ఉంది.

"కైసే?" అంది.

"నేనే బోర్డు చూసుకోలేదమ్మా. అవుట్ అనే ఉంది. చూడకుండా తలుపు తీసేశాను," అన్నారు ఆయన.

అది ఏడ్చిన ఏడుపు నేను ఐస్‌క్రీమ్‌తో సరిపెట్టగలిగింది కాదు. ఏడుస్తూనే వెళ్ళి కుక్క ముందు నిలబడి, నా వైపు తిరిగింది. బీరువాలోని కాగితం దానికి గుర్తొచ్చింది. అప్పుడు అర్థమైంది, దాని భయం పోయిన కోడి గురించి ఒక్కటే కాదు. సాయంత్రానికి కుక్క కూడా ఉండదేమోనని.

"ఇసే భేజోగీ?" అని అడిగింది, దీన్ని పంపేస్తావా అని.

నోరు విప్పడానికి నాకు అంతకంటే మంచి సమయం ఇక రాదు. విప్పలేదు. ఆయనే అన్నారు, "తప్పు చేసింది తలుపు తీసిన మనిషి. కుక్కకి శిక్షేమిటి? ఆ కాగితం నేను రద్దు చేస్తున్నాను." నేను గబగబా తలూపాను. బతికిపోయాననుకున్నాను, ఆ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

శిక్ష మాత్రం పడింది. అమ్మాయి వేసింది. ఇకనుంచి తనని అడక్కుండా పాపా వెనక తలుపు ముట్టుకోకూడదు. బోర్డు బాధ్యత మొత్తం మమ్మీది. అండర్ సెక్రటరీ గారు ఆ ఉత్తర్వును శిరసావహించారు. రోజూ పొద్దున కుక్క పక్కన నిలబడి, పదేళ్ళ పిల్లని "తియ్యమంటావా?" అని అడిగేవారు. అది బోర్డు చూసి, ఒకసారి నన్నడిగి, అప్పుడు ఊ అనేది. నేను పలకలు జరుపుతుంటే ఆయన పాల గిన్నె వైపు చూసేవారు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూసి ఉంటే కనీసం పోట్లాడేదాన్ని. నన్ను అంత మర్యాదగా వదిలేయడం చూస్తే ఒళ్ళు మండేది. నెల రోజులు ఆయన మీద ఒక్క జోకు వెయ్యలేదు. ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు, ఎందుకంటే నా పని అమ్మాయి అందుకుంది.

ఒక ఆదివారం ఆంటీ పెరట్లో కూర్చుని స్వెట్టర్ అల్లుతోంది. అమ్మాయి ఆవిడకి జరిగింది చెబుతోంది. వాళ్ళ నాన్న పక్కనే ఆకుపచ్చదానికి నూకలు వేస్తున్నారు.

"పాపా బోర్డ్ లాయే, పాపా నే రూల్ బనాయా, ఔర్ పాపా నే హీ నహీ దేఖా," అని, బోర్డు తెచ్చిందీ రూలు పెట్టిందీ పాపాయే, చూడనిదీ పాపాయేనని చెప్పి, గొంతు సాగదీసి నవ్వింది. "ఆకస్మిక సెలవ్" అని తెలుగులో కలిపింది. ఆ సాగదీత నాది. ఆ నవ్వు నాది. ఆ మాట కూడా నాదే. ఆంటీ నవ్వింది, మెట్లు అదిరాయి. ఆయన నూకలు వేస్తూనే ఉన్నారు.

"పాపా చూశారు," అన్నాను. "ఆ రోజు బోర్డు మీద ఇన్ అనే ఉంది. నేనే పెట్టాను, కోళ్ళు బయట ఉండగా. అది చచ్చిపోయాక అవుట్‌కి జరిపింది కూడా నేనే."

ఆంటీకి తెలుగు రాదు, అయినా సూదులు ఆపేసింది. అమ్మాయి నన్ను చూసింది, వాళ్ళ నాన్నని చూసింది.

"ఆప్ నే ఝూఠ్ బోలా?" అని అడిగింది. అబద్ధం చెప్పారా అని. నన్ను కాదు, ఆయన్ని.

"మూసేసిన ఫైలమ్మా అది," అన్నారు ఆయన. నా వైపు తిరిగి, "మళ్ళీ ఎందుకు తెరిచావు?" అన్నారు. గొంతులో కోపం లేదు. అప్పుడు ఏడ్చాను, నెల తర్వాత, బఠాణీలు లేకుండా.

అమ్మాయి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున వెనక తలుపు దగ్గరికి వెళ్ళేసరికి బోర్డు మీద మూడో వరస ఉంది. ఖాళీగా ఉన్న పలక పక్కన కాగితం ముక్క అంటించి, తనకి రాని తెలుగులో, వంకర అక్షరాలతో "మమ్మీ" అని రాసింది. తలుపు బాధ్యత మళ్ళీ పాపాకి వెళ్ళిపోయింది. నేను పెరట్లోకి వెళ్ళినా, ముందు గుమ్మంలోకి వెళ్ళినా నా పలక జరపాలి. మరిచిపోతే కుక్క కంటే ముందు నన్ను పట్టుకుంటుంది.

మరుసటి సోమవారం ఆఫీసులో భోజనానికి బయల్దేరుతూ, నా పేరు పక్కన పలకను అవుట్‌కి జరిపాను. ఇరవై ఏళ్ళలో అది పట్టపగలు కదలడం అదే మొదటిసారి. పక్క సీటావిడ పెన్ను కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"క్యా హువా?" అని మెల్లగా అడిగింది. "ఘర్ మే కోయీ గుజర్ గయా?"

అవును, ఇంట్లో ఒకరు పోయారన్నాను.